ప్రశ్నోత్తరాలు: పరిణామ సిద్ధాంతానికీ దైవభక్తికీ పొసగుతుందా?

ప్రశ్న: జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తాను. ఇంట్లో నిత్యపూజ మానను. జీవపరిణామం పాఠం వచ్చిన ప్రతిసారీ సహోద్యోగుల్లో ఒకరు దశావతారాలే అసలైన పరిణామ సిద్ధాంతమని, మరొకరు డార్విన్‌ను ఒప్పుకున్నవాడికి ఇక దేవుడితో పనేమిటని వాదిస్తారు. ఈ రెండూ నిజంగా పొసగుతాయా?
– ఒక అధ్యాపకుడు, అమలాపురం

జవాబు: పొసగుతాయి. అయితే మీ మొదటి సహోద్యోగి చూపిన దారిలో మాత్రం కాదు.

దశావతారాల వాదన వినడానికి ముచ్చటగా ఉంటుంది. నీటిలో చేప, నీటా నేలా తిరిగే తాబేలు, నేల మీది వరాహం, సగం మృగం సగం మనిషి, వామనుడు, ఆ తర్వాత పూర్ణమానవుడు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో సైతం ఈ మాట వినిపించింది, అదీ ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక ఉపకులపతి నోట. కానీ భాగవతం ప్రథమ స్కంధం తీసి అక్కడి అవతారాల వరుస చూడండి. వరాహం రెండవది, మత్స్యం పదవది, కూర్మం పదకొండవది. ఈ నడుమ నారదుడు, కపిలుడు, దత్తాత్రేయుడు, పృథు చక్రవర్తి వచ్చి వెళ్లారు. జీవులు ఏ క్రమంలో పుట్టాయో చెప్పడం పురాణకర్త ఉద్దేశం కాదు. లోకానికి ఆపద వచ్చినప్పుడు భగవంతుడు ఏ రూపంలో దిగివచ్చాడో ఆయన చెబుతున్నాడు. కూర్మం మత్స్యానికి సంతానం కాదు, పరశురాముడు శ్రీరాముడికి పూర్వీకుడూ కాదు, పైగా వారిద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నారు. పరిణామానికి ప్రాణం వంశక్రమం: తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య వచ్చే చిన్న చిన్న భేదాల్లో కొన్ని నిలిచి, కొన్ని రాలిపోతూ, లక్షల ఏళ్లలో కొత్త జాతులు ఏర్పడటం. అది లేనిచోట పరిణామం లేదు. రేపు శిలాజాల లెక్క మారితే నరసింహస్వామి మీది భక్తిని కూడా సవరించుకోవాలా? బ్రహ్మకు ఒక పగలైన కల్పం 432 కోట్ల సంవత్సరాలు, భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు అనే పోలికదీ ఇదే సంగతి. అంకెలు దగ్గరగా ఉన్నాయి, అంతే.

ఇక రెండవ సహోద్యోగి మాటను డార్వినే ఒప్పుకోలేదు. గాఢమైన ఆస్తికుడు పరిణామవాది కూడా కాగలడా అని సందేహించడం అర్థం లేని పని అని ఆయన 1879లో ఒక ఉత్తరంలో రాశారు. అమెరికాలో ఆయన పక్షాన మొదట నిలబడినవారిలో ముఖ్యుడైన వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రే నిష్ఠగల క్రైస్తవుడు. 20వ శతాబ్దపు జన్యుశాస్త్రజ్ఞుల్లో అగ్రగణ్యుడైన దొబ్జాన్‌స్కీ ఆర్థొడాక్స్ క్రైస్తవుడు. పరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో దేనికీ అర్థం లేదని 1973లో రాసినవాడూ ఆయనే. కేథలిక్ చర్చి విషయానికొస్తే, మానవదేహపు పుట్టుక గురించి పరిశోధన సాగవచ్చని 1950లో పోప్ పన్నెండవ పయస్ అనుమతించగా, పరిణామ సిద్ధాంతం కేవలం ఒక ఊహ స్థాయిని దాటిందని 1996లో పోప్ రెండవ జాన్ పాల్ అన్నారు. అయితే బైబిల్ చెప్పే ఆరు రోజుల సృష్టిని అక్షరాలా నమ్మేవారికి మాత్రం ఈ సర్దుబాటు కుదరదు, కుదిరినట్టు నటించడం వారికీ మర్యాద కాదు.

అసలు చిక్కు గ్రంథాల్లో లేదు, మీ ఊరి కొబ్బరి తోటల్లో ఉంది. నల్లతల గొంగళిపురుగును అదుపు చేయడానికి తోటల్లో బ్రాకన్ బదనికలను, అంటే ఇతర పురుగుల మీద బతికే చిన్న కందిరీగలను, వదులుతారు కదా. ఆ ఆడ కందిరీగ గొంగళిపురుగును కుట్టి, చచ్చుపడేలా చేసి, దాని ఒంటి మీదో పక్కనో గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు బతికున్న ఆ పురుగునే తింటూ పెరుగుతాయి. దీనికి దగ్గరి చుట్టమైన మరో కుటుంబపు కందిరీగల పిల్లలు గొంగళిపురుగు లోపలే ఉండి తింటాయి. కరుణామయుడైన దేవుడు తెలిసి తెలిసి వీటిని ఇలా సృష్టించాడంటే తన మనసు ఒప్పుకోవడం లేదని డార్విన్ 1860 మే నెలలో గ్రేకు రాసింది వీటి గురించే. లోకంలో బాధ ఎందుకుందన్న ప్రశ్న పాతదే. పరిణామం దాన్ని మరింత పదునుగా చేసింది, ఎందుకంటే అక్కడ చావూ ఆకలీ ఎప్పుడో జరిగిన పొరపాట్లు కావు, జీవులను మలిచిన పద్ధతిలోనే భాగం. పూర్వజన్మ కర్మ అని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆ గొంగళిపురుగు ఏం పాపం చేసిందని చిన్నపిల్ల అడిగితే ఆ జవాబు చెప్పడానికి నాకు నోరు రాదు.

కాబట్టి నా ఉద్దేశంలో పరిణామం ముందు నిలవనిది భక్తి కాదు, ప్రతి జీవినీ ఎవరో కూర్చుని విడివిడిగా చెక్కారన్న ఊహ. ఆ ఊహనే ఆధారం చేసుకున్న భక్తి కదులుతుంది. లోకం అసలు ఎందుకుంది, ఎలా బతకాలి అన్న ప్రశ్నలతో దేవుడి ముందు కూర్చునేవారి భక్తికి శిలాజాలతో తగాదా లేదు. మనిషికీ జంతువుకీ మధ్య పెద్ద అగడ్త తవ్వని సంప్రదాయంలో పెరిగాం గనుక కోతితో చుట్టరికం మనకు అంత అవమానంగానూ తోచకూడదు.

తరగతిలో విద్యార్థి ‘మీరు పరిణామాన్ని నమ్ముతారా సార్’ అని అడిగితే, అది నమ్మకం మీద నడిచేది కాదని చెప్పి శిలాజాలూ డీఎన్ఏ పోలికలూ చూపించండి. పూజ గురించి అడిగితే గంట కొట్టాక మాట్లాడదామనండి, తప్పకుండా మాట్లాడండి కూడా.