అప్పు లెక్క తెలిసిన ఇంటి పిల్లకు ఎన్‌పీవీ కష్టమా?

ప్రశ్న: సార్, మాది పాకాల దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ మ్యాథ్స్. ఈ ఏడాది తిరుపతిలో ఎంబీఏలో చేరాను. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ మొదటి ఇంటర్నల్‌లో 20కి 6 మార్కులు వచ్చాయి. ఫార్ములాలన్నీ బట్టీ పట్టాను, అయినా లెక్కను కాస్త తిప్పి ఇస్తే ఏ ఫార్ములా వేయాలో తెలియడం లేదు. బీకాం నుంచి వచ్చినవాళ్లు టకటకా చేసేస్తున్నారు. అమ్మ పాల బిల్లులు కూడబెట్టి ఫీజు కట్టింది, అది తలుచుకుంటే ఇంకా టెన్షన్ వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, తిరుపతి

జవాబు: మా అమ్మాయి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తాను. ముందు ఆ ఫార్ములాల కాగితం పక్కన పెట్టు. మీ ఊళ్లో అప్పు మాట వస్తే మొదట అడిగేది "రూపాయి వడ్డీనా, రెండు రూపాయలా" అనే కదా? నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం, ఇది నీకు ఎవరూ క్లాసులో చెప్పలేదు, ఇంట్లో వింటూ పెరిగావు. నీ సబ్జెక్టులో సగం అక్కడే ఉంది.

ఈరోజు 1,000 రూపాయలు రూపాయి వడ్డీకి ఇస్తే ఏడాదికి 1,120 అవుతాయి. ఇప్పుడు వెనక్కి రా. ఏడాది తర్వాత చేతికొచ్చే 1,000 ఈరోజు ఎంతతో సమానం? 1.12తో భాగిస్తే 893. రెండేళ్ల తర్వాత వచ్చేదైతే ఇంకోసారి భాగించు, 797. మూడేళ్లకు 712. డిస్కౌంటింగ్ అని పుస్తకం భయపెట్టేది ఇదే, వడ్డీని వెనక్కి నడిపించడం.

ఇక మీ ఇంటి లెక్కే వేద్దాం, అంకెలు మాత్రం నేను అనుకున్నవి. అమ్మ ఇంకో ఆవు కొనాలనుకుంటోంది. ధర 60,000. మేత, దాణా, డాక్టరు ఖర్చు అన్నీ పోగా ఏడాదికి 25,000 మిగులుతుంది, మూడేళ్లయ్యాక ఆవును 20,000కి అమ్మేస్తుంది. నోటి లెక్కలో మొత్తం 95,000 వస్తుంది, 60,000 పోగా 35,000 లాభం. కానీ ఆ డబ్బంతా ఒకేరోజు రావడం లేదు కదా, అందుకే ఏ ఏడాది వచ్చేదాన్ని ఆ ఏడాదికి తగ్గట్టు వెనక్కి తెచ్చి కూడాలి. రూపాయి వడ్డీ చొప్పున తెస్తే మొత్తం 74,281 అవుతుంది, ఆవు ధర తీసేస్తే మిగిలేది 14,281. దాన్నే నెట్ ప్రెజెంట్ వాల్యూ, పొట్టిగా ఎన్‌పీవీ అంటారు. ఇదే లెక్క రెండు రూపాయల వడ్డీతో, అంటే 1.24తో భాగిస్తూ చేసి చూడు. మొత్తం 60,022 వస్తుంది. మిగిలేది 22 రూపాయలు! అదే ఆవు, అవే పాలు, అప్పు ఇచ్చినవాడు మారాడంతే. ఎన్‌పీవీ సున్నా అయ్యే రేటును ఐఆర్ఆర్ అంటారు, ఈ ఆవుకు అది దాదాపు 24 శాతం. అంతకన్నా తక్కువకు డబ్బు దొరికితే కొనొచ్చు, మూడు రూపాయల వడ్డీకి తెస్తే మూడేళ్ల చాకిరీ చేసి కూడా నష్టపోతుంది. పుస్తకంలో కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ అని ఒక పెద్ద చాప్టర్ ఉంటుంది, అది అడిగేది కూడా ఇదే, ఆ డబ్బు నీకు ఎంతకు పడింది అని. సొంత డబ్బు పెట్టినా అది ఊరికే వచ్చినట్టు కాదు, ఇంకోచోట పెట్టి ఉంటే వచ్చే రాబడి పోయినట్టే.

పేబ్యాక్ అంటే పెట్టింది ఎన్నాళ్లకు తిరిగొస్తుందని, మన ఆవుకు రెండేళ్ల ఐదు నెలలు. తర్వాత ఏమొస్తుందో అది చూడదు, కాబట్టి దాని మీద ఎక్కువ రోజులు పెట్టకు.

లెక్క ముందుకు రాగానే ఫార్ములా వెతక్కుండా ఒక అడ్డగీత గీయి. ఎడమ చివర సున్నా, అంటే ఈరోజు, తర్వాత 1, 2, 3. వచ్చే డబ్బు గీత పైన, పోయే డబ్బు కింద. ఈ గీత గీసినవాళ్లకు తిప్పి ఇచ్చిన లెక్క కూడా మామూలు లెక్కలాగే కనిపిస్తుంది. సున్నా దగ్గరున్న డబ్బును డిస్కౌంట్ చేయకూడదు, చాలామంది మార్కులు పోగొట్టుకునేది అక్కడే. డిప్రిసియేషన్, అంటే వస్తువు ఏటా అరిగి తగ్గే విలువను, ఖర్చుగా రాస్తారు గానీ ఎవరి చేతికీ డబ్బు పోదు, పన్ను లెక్కించేదాకా తీసేసి తర్వాత మళ్లీ కలపాలి. అప్పు మీద వడ్డీని మాత్రం ఏటేటా వచ్చే డబ్బులోంచి తీయకు, డిస్కౌంట్ రేటులోనే అది ఉంది, తీస్తే రెండుసార్లు తీసినట్టవుతుంది. ఇక స్థలం సర్వేకి పోయినేడాది ఖర్చుపెట్టిన డబ్బు లాంటిది ప్రశ్నలో ఇస్తే వదిలెయ్, ప్రాజెక్టు చేసినా చేయకపోయినా అది తిరిగి రాదు.

మామూలు కాలిక్యులేటర్ చాలు. చాలావాటిలో 1 కొట్టి, భాగహారం గుర్తు కొట్టి, 1.12 కొట్టి, ఈక్వల్ మూడుసార్లు నొక్కితే మూడేళ్ల ఫ్యాక్టర్లు, అంటే ఏ ఏడాది వచ్చే రూపాయి ఈరోజు ఎంతో చెప్పే అంకెలు, వరసగా వస్తాయి. జీటీ బటన్ ఉంటే దాన్ని నొక్కు, మూడూ కూడి 2.40 చూపిస్తుంది, అదే యాన్యుటీ ఫ్యాక్టర్, ఏటా రూపాయి చొప్పున మూడేళ్లు వస్తే ఈరోజు దాని విలువ. అది ఎక్కడినుంచి వచ్చిందో మీ క్లాసులో అందరికన్నా నీకే బాగా అర్థమవుతుంది, ఎందుకంటే అది గుణశ్రేఢి మొత్తం, నువ్వు మ్యాథ్స్‌లో ఎన్నిసార్లు చేసుంటావో. బీకాం పిల్లలకు నీకన్నా ముందే తెలిసింది అకౌంట్స్ భాష ఒక్కటే. బ్యాలెన్స్ షీట్, లాభనష్టాల ఖాతా, డిప్రిసియేషన్, ఈ మూడింటికి రోజుకు గంట చొప్పున రెండు వారాలు పెట్టు. ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా ఉన్నాయి, స్వయం పోర్టల్‌లో వీడియో క్లాసులు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్ అడ్డం వస్తే ఒక పేరా చదివి, దాన్ని అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో నోట్సులో రాసుకో. పరీక్షలో ఇంగ్లిష్‌లోనే రాస్తావు, కానీ ముందు అర్థం కావాలి కదా.

ప్రశ్న: సార్, బీబీఏ చదువుతున్నాను. లాభాల్లో ఉన్న కంపెనీ కూడా చేతిలో డబ్బు లేక మూతపడొచ్చు అని క్లాసులో చెప్పారు. లాభం ఉందంటే డబ్బు ఉన్నట్టే కదా?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: కాదు బాబూ. నువ్వు చిత్తూరులోనే ఉన్నావు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీని చూడు. తోతాపురి కాయంతా ఎండాకాలం చివర రెండు మూడు నెలల్లో కొనాలి, గుజ్జు మాత్రం ఏడాది పొడుగునా అమ్ముడవుతుంది, అదీ చాలావరకు అరువు మీదే. ఉదాహరణకు సరుకు గోడౌన్‌లో 150 రోజులు ఉంది, కొన్నవాళ్లు 60 రోజులకు డబ్బిచ్చారు, రైతులకు ఫ్యాక్టరీ 45 రోజులకు ఇచ్చింది అనుకో. 150కి 60 కలిపి 45 తీసేస్తే 165 రోజులు. అన్ని రోజులూ పెట్టుబడి సరుకులోనో, బాకీల్లోనో ఇరుక్కుని ఉంటుంది. అమ్మిన రోజే పుస్తకంలో లాభం రాసేస్తారు, జీతాలకూ కరెంటు బిల్లుకూ మాత్రం చేతిలో డబ్బు కావాలి. ఈ మధ్యకాలం గడపడానికి కావలసిందే వర్కింగ్ క్యాపిటల్, అది దొరక్క ఆర్డర్లున్న ఫ్యాక్టరీ కూడా ఆగిపోవచ్చు.

ఒక సంగతి పుస్తకాలు తొందరగా దాటేస్తాయి. రైతుకు 45కి బదులు 90 రోజులకు డబ్బిస్తే ఆ 165 కాస్తా 120 అవుతుంది, పరీక్ష పేపర్లో దాన్ని మంచి మేనేజ్‌మెంట్ అనే రాస్తారు. నేను ఒప్పుకోను. మందులకూ కూలీలకూ రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తోట కాపాడుకున్న రైతుకు లక్ష రూపాయల అప్పు మీద ఆ అదనపు 45 రోజులకు వడ్డీ 3,000. ఫ్యాక్టరీకి తగ్గిన భారం ఎక్కడికీ పోలేదు, తోటకు చేరింది. ఈసారి సీజన్‌లో దామలచెరువు వైపో బంగారుపాళ్యం వైపో వెళ్లి, కాయ ఇచ్చాక ఎన్ని రోజులకు డబ్బు వస్తుందో నలుగురు రైతులను అడుగు, ఆ అంకెలతో ఈ లెక్క మళ్లీ చేసి నాకు రాయి.