ఫోను పంచాంగంలో రెండు ఏకాదశులు

ప్రశ్న: నేను మల్కాజిగిరిలో, మా అబ్బాయి డాలస్‌లో ఉంటున్నాము. ఏకాదశి ఉపవాసానికి మా ఇద్దరి ఫోన్లలోని పంచాంగం వేర్వేరు తేదీలు చూపుతోంది. ఏది పాటించాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: రెండూ సరైనవే కావచ్చునమ్మా. చంద్రుడు సూర్యుని నుండి 12 డిగ్రీలు ముందుకు జరిగే కాలమే ఒక తిథి. అది ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. కానీ ఏ రోజుకు ఏ తిథి అన్నది సాధారణంగా ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి నిర్ణయిస్తారు. హైదరాబాదులో తెల్లవారిన సుమారు 11, 12 గంటలకు గాని డాలస్‌లో తెల్లవారదు కనుక, ఆలోగా ఏకాదశి ముగిసిపోతే అక్కడ ఉపవాసం ముందు తేదీకే వస్తుంది. అచ్చు పంచాంగం ఒక ప్రాంతానికే గణించినది. ఫోను ఏ ఊరికైనా క్షణంలో లెక్క కట్టగలగడం దూరదేశాల్లోని మన పిల్లలకు నిజంగా గొప్ప మేలు.

అయితే అబ్బాయి ఫోనులో ఊరు డాలస్ అనే ఉన్నదో లేదో ముందు చూడమనండి. ఒకే ఊరికి రెండు యాప్‌లు తేడా చూపితే, ఒకటి ఆకాశంలో కనిపించే స్థితికి సరిపోయేలా లెక్కించే దృక్ గణితాన్ని, మరొకటి పాత గ్రంథాల సూత్రాలతో లెక్కించే పూర్వ పద్ధతిని అనుసరిస్తూ ఉండవచ్చు. అప్పుడు మీ ఇంటి ఆచారంలో ఉన్న పద్ధతినే పాటించండి. సంకల్పంలో మనం శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకుంటాము కదా, అబ్బాయి కూడా తానున్న చోటినే చెప్పుకొని, అక్కడి తిథినే పాటించాలి.