పాత అథెర్న్ ఇంజిన్‌కి డీసీసీ డీకోడర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మోడల్ రైళ్ళ కంపెనీ అథెర్న్ వారి పాత బ్లూ బాక్స్ రకం డీజిల్ ఇంజిన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హెచ్‌ఓ స్కేల్ (అసలు ఇంజిన్‌లో 87వ వంతు). మామూలు డీసీ మీద చక్కగా తిరుగుతోంది. మా లేఅవుట్ (పట్టాల ఏర్పాటు) డీసీసీ, అంటే పట్టాల ద్వారా ఒక్కో ఇంజిన్‌కీ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి. ఆ ఆదేశాలు అందుకుని మోటార్‌ని నడిపే చిన్న సర్క్యూట్, అంటే డీకోడర్, పెట్టడానికి ఇంజిన్‌లో సాకెట్ లేదు. నేనే బిగించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: నిక్షేపంగా బిగించుకోవచ్చు. అయితే ఈ ఇంజిన్‌లో అసలు పని మోటార్‌ని ఛాసిస్ నుంచి పూర్తిగా విడదీయడం. మోటార్ అడుగున ఉన్న బ్రష్ క్లిప్పుకు (మోటార్‌కి కరెంటు అందించే బ్రష్‌ని పట్టి ఉంచే రేకు) రెండు చిన్న కొమ్ములుంటాయి. అవి లోహపు ఛాసిస్‌ని తాకి, ఒక పట్టా కరెంటుని నేరుగా మోటార్‌కి ఇస్తాయి. డీకోడర్ పెట్టాక కూడా అవి తాకుతుంటే పట్టా కరెంటు డీకోడర్ మోటార్ అవుట్‌పుట్‌లోకి ఎదురెక్కుతుంది. డీకోడర్ అక్కడికక్కడే కాలిపోతుంది.

డీకోడర్ కొనేముందు స్టాల్ కరెంటు (మోటార్‌ని తిరగకుండా ఆపినప్పుడు అది లాగే కరెంటు) కొలవండి. కమ్యుటేటర్ (మోటార్‌లో బ్రష్‌లు తాకే రాగి భాగం) మురికి తుడిచి, 12 వోల్టుల డీసీ ఇచ్చి, మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో సిరీస్‌గా కలిపి, ఫ్లైవీల్‌ని వేలితో క్షణం సేపు ఆపండి. అప్పుడు కనిపించే అంకె కంటే డీకోడర్ రేటింగ్ ఎక్కువ ఉండాలి. ఈ పాత మోటార్లు ఒక ఆంపియర్ దాటి లాగడం మామూలే. చిన్నదని, చవకని ఎన్ స్కేల్ (ఇంకా చిన్న ఇంజిన్ల) డీకోడర్ మాత్రం పెట్టకండి.

మోటార్ బయటికి తీశాక కింది క్లిప్పుని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి ఊడదీయండి. లోపలి స్ప్రింగ్ ఎగిరితే మళ్ళీ దొరకదు. కొమ్ములు కత్తిరించి, క్లిప్పు మోటార్‌కి దూరంగా ఉన్నప్పుడే డీకోడర్ బూడిదరంగు వైరు సోల్డర్ చేయండి. మోటార్ మీద పెట్టి చేస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. పై క్లిప్పుకి నారింజ వైరు. మోటార్ కూర్చునే చోట ఛాసిస్ మీద కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే ఇన్సులేషన్ టేపు) అంటించండి. నల్ల ఎలక్ట్రికల్ టేపు వద్దు, వేడికి దాని జిగురు కారుతుంది.

రెండు ట్రక్కుల్నీ (ఇంజిన్ కింద చక్రాలుండే భాగాలు) మోటార్‌నీ కలిపే పొడుగాటి రేకు తీసేసి, ట్రక్కులకి వైర్లు వేయండి. ఒక పట్టా కరెంటు ఈ వైర్లలో, రెండోది ఛాసిస్‌లో వస్తుంది. ఏది ఏదో మల్టీమీటర్‌తో చూసి, ఇంజిన్ ముందుకు వెళ్ళే దిశలో కుడి పట్టాకి ఎర్ర వైరు, ఎడమ పట్టాకి నల్ల వైరు కలపండి. ఛాసిస్‌కి సోల్డర్ అంటదు. చిన్న రంధ్రం చేసి స్క్రూతో బిగించాలి.

చాలామంది మరిచిపోయేది హెడ్‌లైటు. పాత బల్బు హోల్డర్ కూడా ఛాసిస్‌ని తాకే ఉంటుంది. దాన్ని తీసేసి ఎల్ఈడీ పెట్టండి: నీలం వైరు, 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఎల్ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలికి తెల్ల వైరు.

బాడీ మూసేముందు నారింజ, బూడిద వైర్లని డీకోడర్ నుంచి విడిగా ఉంచి, మోటార్ క్లిప్పులకీ ఛాసిస్‌కీ, క్లిప్పులకీ చక్రాలకీ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యూటీ (కరెంటుకి దారి ఉందా అని) చూడండి. ఎక్కడా బీప్ రాకూడదు. తర్వాత వైర్లు కలిపి మొదట ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు చదివి మార్చే విడి పట్టా) మీదే పెట్టండి. అక్కడ కరెంటు పరిమితంగా ఉంటుంది కాబట్టి పొరపాటున్నా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ. సీవీ 1 (డీకోడర్‌లో ఇంజిన్ నంబరు ఉండే సెట్టింగు) చదివితే కొత్త డీకోడర్ 3 చూపించాలి.

ప్రశ్న: డీకోడర్ పెట్టాక ఇంజిన్ వెనక్కి నడుస్తోంది. సీవీ 29 (ఇంజిన్ దిశ వంటివి నిర్ణయించే సెట్టింగు) మారిస్తే సరిపోతుందా?
- మరో పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లైట్లు ఎలా వెలుగుతున్నాయో చూడండి. ముందుకు అన్నప్పుడు ముందు లైటే వెలుగుతూ మోటార్ మాత్రం ఎదురు తిరిగితే నారింజ, బూడిద వైర్లు తారుమారు చేయాలి. లైట్లూ మోటారూ రెండూ తిరగబడి ఉంటే సీవీ 29 విలువకి 1 కలపండి, 6 ఉంటే 7.