గని పక్క ఊళ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పుట్టిల్లు సింగరేణి వైపు పల్లె. ఊరిని ఆనుకుని ఉన్న ఓపెన్‌కాస్ట్ గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో పడింది. ఆ రోజు నాకు సెలవు దొరకదు. చెన్నై నుంచే అభ్యంతరం పంపితే చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, తాంబరం

జవాబు: చెల్లుతుందమ్మా. పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) గురించి 2006లో వచ్చిన నోటిఫికేషన్‌లో రాతపూర్వక అభ్యంతరాలకూ చోటుంది. కాలుష్య నియంత్రణ మండలికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ముందు ఆ పేపరు ప్రకటన మీద తేదీ చూడండి. ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజులుండాలి. 26 రోజులే ఉంటే మీ మొదటి అభ్యంతరం అదే.

తర్వాత గని మీద తయారైన అసలు ఈఐఏ నివేదిక సంపాదించండి. ముసాయిదా కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో చూడొచ్చు. తెలుగు సారాంశం చదివి ఊరుకుంటే లాభం లేదు, అందులో అన్నీ బాగున్నట్టే ఉంటాయి. లోపాలన్నీ ఇంగ్లీషు నివేదికలోని పట్టికల్లో, పటాల్లో దాక్కుంటాయి. దుమ్ము కొలిచిన చోట్ల పటాన్ని, గాలి వీచే దిక్కుల పటాన్ని పక్కపక్కన పెట్టండి. గాలి గని మీదుగా మీ ఊరికి వీస్తుంటే, యంత్రమేమో గనికి అవతల పెట్టి ఉంటే, ఆ లెక్క మీ ఊరిది కాదు. పీఎం10కి, అంటే గాలిలోని సన్నని దుమ్ముకు, 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. కొలతలు వానాకాలం మినహా ఒక సీజన్‌లో తీసుకోవాలి, కాబట్టి ఏ నెలల్లో తీశారో కూడా చూడండి. ఎండాకాలంలో ఎండిపోయే వాగు నివేదికలోంచి కూడా మాయమవుతుంటుంది.

‘మా ఊరు నాశనమవుతుంది’ అని రాస్తే మినిట్స్‌లో (సభలో జరిగినదాని రాతలో) ‘కాలుష్యంపై ఆందోళన వ్యక్తమైంది’ అనే ఒక్క ముక్క మిగులుతుంది. ‘ఫలానా పేజీలో వాగు లేదన్నారు, ఈ సర్వే నంబరు పక్కనే ఉంది, ఆగస్టులో తీసిన ఫొటో ఇదిగో’ అని రాయండి, అప్పుడు దాటెయ్యడం కష్టం. ఉత్తరానికి మూడు నాలుగు అంశాలు చాలు.

సభకు వెళ్లే మీవాళ్లకు ఒక మాట చెప్పండి. భోజనాల వేళకు సగం జనం లేచిపోతారు. మినిట్స్ అక్కడే తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ సంతకం పెట్టాలి, వీడియో తియ్యాలి. చివరిదాకా కూర్చునేవాళ్లు అయిదుగురైనా ఉండాలి. బహిష్కరిస్తే సభ రద్దవుతుందని కొందరంటారు. ఇంతమంది ఉండి తీరాలనే కోరం నిబంధనే లేదు. ఖాళీ కుర్చీల ముందైనా ముగించెయ్యొచ్చు.

ప్రశ్న: బ్లాస్టింగ్ వల్ల ఊళ్లో మా ఇంటి గోడలు బీటలిస్తున్నాయి. కంపెనీవాళ్లు ‘అది నల్లరేగడి భూమి మహిమ’ అంటున్నారు. ఎలా రుజువు చెయ్యాలి?
– ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: వాళ్ల మాటలో కొంత నిజం ఉండొచ్చు, అందుకే ఈ వాదన అంత తేలిగ్గా తేలదు. రేగడి వల్ల వచ్చిన బీట ఎండాకాలంలో విచ్చుకుని వానలకు మూసుకుంటుంది. పేలుళ్ల వల్ల వచ్చిందైతే కాలంతో నిమిత్తం లేకుండా ముందుకు పాకుతుంది. తేడా తెలియాలంటే ఏడాది పొడుగునా గుర్తులుండాలి.

బీట రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యండి. సన్నని గాజు ముక్కను బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివర్లే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ముక్క మొత్తానికీ ప్లాస్టరు పూస్తే పగిలినా కనపడదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. పక్కన స్కేలు పెట్టి నెలకోసారి ఫొటో తియ్యండి. నోటుబుక్కులో పేలుడు జరిగిన తేదీ, నిమిషంతో సహా టైము రాయండి. ‘మధ్యాహ్నం’ అని రాస్తే గని బ్లాస్టింగ్ రిజిస్టరుతో పోల్చలేరు.

కిటికీలు దడదడలాడిన ప్రతిసారీ నేల అదిరినట్టు కాదు. అది పేలుడు వల్ల గాలిలో వచ్చే తోపు కావచ్చు, మబ్బు పట్టిన రోజు మరీ ఎక్కువ. రెండూ విడివిడిగా రాసుకోండి.

ఇంటి పునాది దగ్గర కంపనం కొలవమని రాతపూర్వకంగా అడగండి. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం కంపెనీవి కాని ఇళ్లకు పరిమితి కంపనం 8 హెర్ట్జ్ (సెకనుకు 8 ఊపులు) లోపు ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్ల వేగం, 8 నుంచి 25 దాకా 10, ఆపైన 15. కంపనం ఎంత నెమ్మదిగా ఉంటే ఇల్లు దానితో కలిసి అంత ఊగుతుంది, అందుకే కింది అంకె అంత కఠినం. రిపోర్టులో వేగం వేసి హెర్ట్జ్ వదిలేస్తే అది సగం రిపోర్టే. యంత్రాన్ని వదులు మట్టిలో పెట్టినా లెక్క తప్పుతుంది. మొత్తం మందుగుండు ఎంతన్నది కాదు, ఒక్కో డిలేలో, అంటే క్షణాల తేడాతో విడతలుగా పేల్చేటప్పుడు ఒక్కో విడతలో, ఎన్ని కిలోలు పేల్చారో అడగండి, అదిరేది దాన్నిబట్టే.

ప్రశ్న: గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ఢిల్లీ దాకా పోవాలా? లాయరు లేకుండా కుదురుతుందా?
– ఒక పాఠకుడు, అన్నానగర్

జవాబు: పర్యావరణ కేసులు వినే ఈ ట్రిబ్యునల్ బెంచి మీరు ఉన్న చెన్నైలోనే ఉంది. తెలంగాణ, ఆంధ్రాలకు కూడా దక్షిణ మండల బెంచి చేపాక్‌లోని కలస్ మహల్‌లోనే. అక్కడివాళ్లు రాత్రంతా రైల్లో వస్తారు, మీకు లోకల్ రైలు చాలు. ఊరివాళ్ల తరఫున కాగితాలు చూసిపెట్టే పని మీలాంటివాళ్లు తలకెత్తుకోవచ్చు.

గడువు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. ఆపైన ఒక్క రోజు దాటినా తీసుకోరు. అనుమతి వచ్చినట్టు పేపర్లో ప్రకటన పడ్డ రోజు నుంచే లెక్కేసుకుంటే క్షేమం. దుమ్ము, నీళ్లలాంటి ఇతర ఫిర్యాదులకు ఆరు నెలలు, పరిహారానికి అయిదేళ్లు. పరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు. అడిగితే అందులో ఒక శాతం, 1,000కి తగ్గకుండా. దారిద్ర్య రేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు.

సొంతంగా వాదించుకోవచ్చు. అయితే వ్యవహారమంతా ఇంగ్లీషులో, తెలుగు కాగితాలకు అనువాదం జతచెయ్యాలి. సర్పంచి ఇచ్చిన చేతిరాత తీర్మానమైనా సరే.