ర్యామ్ ఖాళీగా ఉన్నా మెమరీ దొరకదా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ అడ్మిన్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘సర్వర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, సగం ఖాళీ. అయినా ప్రోగ్రామ్ మెమరీ దొరకలేదంటూ ఆగిపోతోంది. ఏం చేస్తారు?’ అన్నారు. ర్యామ్ పెంచుతానన్నాను. ఇంకేమీ అడగకుండా పంపించేశారు. కోడింగ్ బాగానే వచ్చు గానీ ఇలాంటివి మాకు ఎవరూ చెప్పలేదు. ఈ రంగం నాకు సరిపడదేమోనని టెన్షన్‌గా ఉంది సర్.

జవాబు: ఒక్క ప్రశ్నతో అంత దూరం వెళ్లకండి. కానీ సగం ఖాళీ ఉందని వాళ్లే చెప్పాక ర్యామ్ పెంచుతాననడం, ప్రశ్న సరిగా విననట్టే. వాళ్లు మీ దగ్గర చూడాలనుకున్నది ఒకటే: మెమరీ ఇవ్వనన్నది ఎవరో వెతుకుతారా లేదా అని.

ముందుగా అనుమానించాల్సింది ప్రాసెస్‌కి (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి) పెట్టిన పరిమితిని. షెల్‌లో, అంటే కమాండ్లు కొట్టే చోట, ‘యులిమిట్ మైనస్ ఎ’ కొడితే పరిమితులన్నీ కనిపిస్తాయి. అందులో వర్చువల్ మెమరీ పరిమితి లెక్కపెట్టేది వాడుతున్న ర్యామ్‌ని కాదు, ప్రోగ్రామ్ తన పేరున రాయించుకున్న అడ్రస్ స్పేస్ (మెమరీ చిరునామాల) మొత్తాన్ని. రాయించుకున్నదంతా వాడకపోయినా లెక్కలోకి వస్తుంది. ర్యామ్ ఖాళీగా ఉండగానే ‘లేదు’ అనిపించుకునేది ఇక్కడే. 32 బిట్ ప్రోగ్రామ్ అయితే పరిమితి పెట్టే పనే లేదు. దాని అడ్రస్‌లే 4 జీబీతో అయిపోతాయి. కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే పెట్టెలాంటిది) నడుస్తుంటే సీగ్రూప్ పరిమితి, అంటే కొన్ని ప్రాసెస్‌లకు కలిపి పెట్టేది, వేరుగా ఉంటుంది. ఓవర్‌కమిట్ సెట్టింగ్ (ఉన్నదానికంటే ఎక్కువ మెమరీ ఇస్తాననొచ్చా అన్నది) 2లో ఉంటే లినక్స్‌కి గుండెకాయైన కెర్నలే లెక్క చూసుకుని కాదంటుంది.

కాదనే తీరును బట్టి కూడా ఎవరో పోల్చుకోవచ్చు. అడ్రస్ స్పేస్ పరిమితి తగిలితే మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్ నల్ (ఖాళీ జవాబు) ఇస్తుంది, ఎర్రర్ నంబర్ 12 వస్తుంది. అది చెప్పి కాదనడం. అదే మాలాక్ సరేనంది, తీరా ఆ మెమరీలో రాయబోతే ప్రోగ్రామ్ మాయమైంది, ఎగ్జిట్ కోడ్ 137 వచ్చిందనుకోండి. 128కి సిగ్నల్ 9 (చంపేయమనే సిగ్నల్) కలిస్తే 137. ఎక్కువసార్లు అది ఓఓఎం కిల్లర్ పని, అంటే మెమరీ అయిపోయి కెర్నలే ప్రాసెస్‌ని చంపేయడం. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో చూస్తే మెషీన్ మొత్తంలో మెమరీ అయిపోయిందో, ఆ సీగ్రూప్‌లోనే అయిపోయిందో తెలుస్తుంది. చెప్పి కాదనడానికీ, ఇలా చంపేయడానికీ తేడా చెప్పగలిగితే చాలు, ఎదురుగా ఉన్నవాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

ఇది చదివి వదిలేస్తే రాదు. బ్యాష్‌లో యులిమిట్ మైనస్ వి పక్కన 500000 ఇవ్వండి. అది కిలోబైట్లలో ఉంటుంది, అంటే దాదాపు 488 ఎంబీ. తర్వాత పైథాన్ తెరిచి 1 జీబీ బైట్‌అర్రే అడిగితే మెమరీ ఎర్రర్ వస్తుంది. ఇప్పుడు అదే షెల్‌లో పరిమితిని మళ్లీ పెంచబోండి, ఒప్పుకోదు. మైనస్ ఎస్ గానీ మైనస్ హెచ్ గానీ చెప్పకుండా ఇచ్చారు కాబట్టి ఇప్పుడు అమలయ్యే సాఫ్ట్ పరిమితి, దానికి పైహద్దైన హార్డ్ పరిమితి రెండూ కిందికి దిగాయి. హార్డ్ పరిమితిని మామూలు యూజర్ తగ్గించుకోగలడే గానీ పెంచలేడు. కొత్త టెర్మినల్ తెరిస్తే మాత్రం అంతా మామూలే, ఎందుకంటే ఈ పరిమితులు తల్లి ప్రాసెస్ నుంచి పిల్ల ప్రాసెస్‌కే వస్తాయి.

అనుభవం ఉన్నవాళ్లు కూడా బోర్లాపడేది సరిగ్గా ఈ వారసత్వం దగ్గరే. పరిమితులు రాసే లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైలు మార్చి, లాగౌటై మళ్లీ లాగినై, తమ షెల్‌లో చూసి ‘సరిపోయింది’ అంటారు. సర్వీస్ (వెనక నడిచే ప్రోగ్రామ్) మాత్రం మళ్లీ పడిపోతుంది. దాన్ని లేపింది సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ, మీ షెల్ కాదు. ఆ ఫైలు లాగిన్ సెషన్లకే పనిచేస్తుంది. సర్వీస్‌కి దాని యూనిట్ ఫైల్లోనే (సిస్టమ్‌డీ చదివే సెట్టింగుల ఫైలు) లిమిట్‌ఏఎస్, అంటే అడ్రస్ స్పేస్ పరిమితి, రాయాలి. నడుస్తున్న ప్రాసెస్‌కి నిజంగా ఏ పరిమితి ఉందో ప్రాక్ ఫోల్డర్‌లో దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) కింద ఉన్న లిమిట్స్ ఫైలే చెబుతుంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వారి అడ్మిన్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో పనులు చేసి చూపించాలి కాబట్టి, తీసుకోవాలనుంటే అది తీసుకోండి. దానికంటే ముందు పైన చెప్పిన ప్రయోగాలు చేసి, ఏ ఎర్రర్ వచ్చింది, ఏం మార్చితే పోయిందో ఒక నోట్సు రాసుకోండి. రెజ్యూమేలో ‘లినక్స్ వచ్చు’ అన్న లైను తీసేసి వాటిలో రెండు పెట్టండి. అదే ప్రశ్న మళ్లీ వస్తే వెంటనే జవాబుకి దిగకండి. ‘ఎర్రర్ అక్షరాలా ఏమని వచ్చింది? ఆ ప్రోగ్రామ్‌ని ఎవరు స్టార్ట్ చేశారు?’ అని ముందు వాళ్లనే అడగండి.