షట్‌డౌన్ రోజు ఇన్వర్టర్ రెండు గంటల్లోనే ఆగిపోతోంది – సమాధానం

కరెంటు పోయిన రెండు గంటల్లోనే మీ అద్దె ఇంట్లో ఇన్వర్టర్ ఆగిపోతోందని, ఆఫీసు కాల్స్‌తో టెన్షన్‌గా ఉందని అడిగారు. చెన్నై వేళచ్చేరిలో నెలవారీ షట్‌డౌన్ (మరమ్మతుల కోసం కరెంటు ఆపడం) అంటే మామూలుగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు. మీ 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ రెండు గంటల్లోనే చేతులెత్తేయకూడదండీ. 12 వోల్టుల లెక్కన అందులో ఉండేది 1800 వాట్ అవర్లు. నష్టాలు పోగా వెయ్యి మిగిలినా రెండు ఫ్యాన్లు, లాప్‌టాప్, రౌటర్, ఓ లైటు కలిపి 250 వాట్లకు నాలుగు గంటలు రావాలి.

నా అనుమానం ఫ్రిజ్ మీదే, అదీ ఇన్వర్టర్ మీదే నడుస్తూ ఛార్జ్ తినేస్తుండొచ్చు. అద్దె ఇళ్లలో ఎలక్ట్రీషియన్ ఏ సాకెట్‌ని ఇన్వర్టర్ లైన్‌కి కలిపాడో ఓనర్‌కి కూడా తెలియదు! మెయిన్ ఆపి, వంటింట్లో ఒక్కో సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి ఛార్జ్ అవుతుందేమో చూడండి. ఫ్రిజ్ ఆ లైన్‌లోనే ఉంటే ప్లగ్గు పీకేయండి. తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది, పెరుగు పులిసిపోదు.

అది కాకపోతే బ్యాటరీలో నీళ్లు చూడండి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోరు నీళ్లు పోశారో, బ్యాటరీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆఫీసు కాల్స్ టెన్షన్ ఉందన్నారు కాబట్టి రౌటర్‌కి విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ బ్యాకప్) కొనండి. నీళ్ల మోటారు మాత్రం కరెంటు పోకముందే, ఎనిమిదింటికే వేసేయండి.