యుద్ధం నుంచి తిరిగివచ్చిన విద్యార్థి ఇంట్లో కూడా ఎందుకు కుదుటపడలేడు?

ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతూ 2022లో హనుమకొండకు తిరిగివచ్చిన మీ తమ్ముడు ఇప్పటికీ టపాసుల చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడని, ఇది పిరికితనమా అని అడిగారు. కానే కాదు. బాంబు దాడులప్పుడు ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌లోని మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నవాళ్లకు పెద్ద చప్పుడంటే ప్రాణాపాయమే. ఆలోచన అందుకునేలోపే మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగమైన అమిగ్డాలా ఒంటిని అప్రమత్తం చేస్తుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఇక్కడ భయం లేదని తెలిసినా ఒళ్లు ఒప్పుకోదు. కాజీపేట వైపు నుంచి రైలు కూత వినిపించినా ఇదే జరగవచ్చు.

చప్పుడొక్కటే కాదు. ఆగిపోయిన చదువు, తీర్చాల్సిన అప్పు, అక్కడే ఉండిపోయిన స్నేహితులు, 'నేను మాత్రం బయటపడ్డాను' అన్న అపరాధ భావన... నా దృష్టిలో ఇవే మనిషిని ఎక్కువ నలిపేస్తాయి. వీటి గురించి ఎవరూ అడగరు కూడా. యుద్ధప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది.

టపాసులు కాల్చే ముందు తమ్ముడికి ఒక మాట చెప్పండి. జరిగిందంతా చెప్పమని మాత్రం దయచేసి బలవంతపెట్టకండి. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులకు చూపించాలి. మాటలతో చేసే చికిత్స కూడా బాగా పనిచేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.